అద్దం అవతల ఊ

ఆ గదిలోంచి బుల్లబ్బిరెడ్డిని బయటికి పంపమన్నది ఎవరని నన్ను ఇవాళ్టికీ ఎవరూ అడగలేదు. అడగరు కూడా, మర్యాదస్తులు. అందుకే నా అంతట నేనే చెబుతున్నాను. పంపమన్నది నేను. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, అద్దం అవతల కుర్చీ వేసి కూర్చోబెట్టి, చేతిలో టీ గ్లాసు పెట్టింది కూడా నేనే.

నా పేరు భద్రం. ఏజెన్సీలో ఒక గిరిజన గురుకుల కళాశాలలో తెలుగు చెబుతాను. పాఠం చెప్పడం ఉద్యోగం, నాటకాలు వేయించడం పిచ్చి. ముప్పై ఏళ్ళలో రాష్ట్ర విద్యార్థి నాటకోత్సవానికి పదకొండుసార్లు వెళ్ళి, పదకొండుసార్లూ ప్రశంసాపత్రం పుచ్చుకుని వచ్చాను. ప్రశంసాపత్రం అంటే, మీరూ వచ్చారు, సంతోషం, ఇక వెళ్ళి రండి అని. వచ్చే ఏడాది నా రిటైర్మెంటు. ఈసారి పోటీ అంశం చూడగానే ప్రాణం లేచి వచ్చింది. ఆదివాసీ గాథలు, వాటికి ఆధునిక సాంకేతికత తోడు. గాథలు నా పిల్లల దగ్గర ఉన్నాయి. సాంకేతికత షాహీన్ దగ్గర ఉంది.

షాహీన్ నేను కాకినాడలో పనిచేసినప్పటి శిష్యురాలు. నా నాటకంలో మంత్రి వేషం కట్టి, సభ మధ్యలో మాటలు మర్చిపోయి, రాజుగారికి దండం పెట్టి వెళ్ళిపోయిన పిల్ల. ఇప్పుడు విశాఖలో డాక్టర్ షాహీన్. మనుషులు ఎలా గుర్తుపెట్టుకుంటారన్నదే ఆమె పరిశోధన. ఆ రోజు మీరు తిట్టిన తిట్లకే ఈ దారి పట్టాను సార్ అంటుంది. నవ్వుతూనే అంటుందనుకోండి.

ఆమె చేసిన యంత్రం నెత్తి మీద పెట్టుకునేది. సన్నటి తీగలతో అల్లి, బోర్లించిన బుట్టలా ఉంటుంది. మా పిల్లలు చూసీ చూడగానే దానికి తట్ట అని పేరు పెట్టారు. షాహీన్ మొదట మొహం మాడ్చుకుంది గాని, వారం తిరిగేసరికి తనూ తట్ట అనడం మొదలుపెట్టింది.

అదెలా పనిచేస్తుందో చూపించమంటే మొదటి బలిపశువుని నేనే అయ్యాను. నా నెత్తిన ఒక తట్ట, నా విద్యార్థిని మంగతాయి నెత్తిన ఇంకొకటి పెట్టారు. ఏదైనా పాత సంగతి చెప్పండి సార్ అంది షాహీన్. నా మొదటి నాటకం చెప్పాను. అమలాపురంలో ద్వారపాలకుడి వేషం, ఒక్కటే డైలాగు. నేనింకా తెర లేవడం దగ్గరే ఉన్నాను. మంగతాయి కిసుక్కున నవ్వింది. "మాస్టారూ, మీ మీసం ఊడి పెదవి మీద పడింది. జిగురు వాసన వస్తోంది" అంది. ఆ మాట నేనింకా చెప్పలేదు. నా చెయ్యి దానంతట అదే పై పెదవి తడుముకుంది. పిల్ల మాత్రం నేను చెప్పినంతసేపూ నవ్వుతూనే ఉంది. ఆ నవ్వుల మధ్య ముక్కలు ముక్కలుగా అందింది గాని, అందినంతా నిజమే.

జ్ఞాపకం అలమరలో పుస్తకం కాదట. తీసిన ప్రతిసారీ విప్పి, చూసుకుని, మళ్ళీ కొత్తగా సర్ది పెట్టుకుంటుందట మెదడు. విప్పి ఉన్న ఆ కాసేపట్లో తట్ట దాన్ని చదువుతుంది. రెండో తట్ట అదే సంగతిని ఇంకొకరిలో నాటుతుంది. వయసులో ఉన్న మెదడైతే బాగా పట్టుకుంటుంది. అంత మాత్రమే షాహీన్ చెప్పింది, అంత మాత్రమే నాకు అర్థమైంది. నా బుర్ర అప్పటికే నాటకోత్సవం వేదిక మీద ఉంది. న్యాయనిర్ణేతలు ఐదుగురికీ ఐదు తట్టలు పెట్టి, కథ చెప్పే పిల్ల కళ్ళ ముందున్న కొండని వాళ్ళ కళ్ళ ముందే నిలబెడితే ఇంకేం కావాలి?

*

కథ మంగతాయి వాళ్ళ నాయనమ్మ దగ్గర ఉంది. ఆవిడ కడల చుక్కమ్మ. కొండరెడ్లు. ఇప్పలగొంది అని, జీపు దిగి రెండు గంటలు ఎక్కితే వచ్చే పదిహేడు గడపల ఊరు. ఆ కథ పేరు నడిచిన కొండ. అది ఆ ఇంటి ఆడవాళ్ళకే వస్తుంది, మగవాళ్ళు వినడమే గాని చెప్పరు.

వాళ్ళ పద్ధతి ఇది. వానాకాలం మధ్యాహ్నాలు, పొలం పని ఆగినప్పుడు, వెదురు బద్దలు ముందేసుకుని బుట్టలు అల్లుతూ చెబుతారు. ఎదురుగా ఒకరు కూర్చుని ప్రతి మాటకీ ఊ అనాలి. ఊ అంటేనే తరవాతి మాట వస్తుంది, తరవాతి బద్ద తిరుగుతుంది. ఇంటి పిల్ల ఏడు వానాకాలాలు అలా ఊ కొడితే ఎనిమిదో ఏట కథ ఆ పిల్లదవుతుంది. చుక్కమ్మ ఎదుట ఆవిడ పెనిమిటి కూర్చునేవాడు. ఆయన పోయాక మరిది బుల్లబ్బిరెడ్డి కూర్చుంటున్నాడు. మంగతాయికి కూర్చునే వీలు ఎక్కడుంది? ఆరో ఏటనే హాస్టల్లో వేశారు. వానాకాలం అంటే బడికాలం. ఏడు మెట్లుగా, అంటే ఏడు భాగాలుగా సాగే ఆ కథలో ఆ పిల్లకి మొదటి మెట్టు ఒక్కటే వచ్చు.

చుక్కమ్మకి డెబ్బై నాలుగు. ఇంకో ఏడు వానాకాలాలు తన చేతిలో లేవని ఆవిడకి తెలుసు. నేను వెళ్ళి యంత్రం సంగతి చెబితే, వింటూనే బుట్ట అంచు బిగించింది. ఏడేళ్ళ పని నాలుగు రోజుల్లో అవుతుందా అని రెండుసార్లు అడిగింది. అవుతుందన్నాను. కథ పిల్లకి చేరితే చాలు, ఇంకేమీ వద్దంది. ఆవిడకి కావలసింది అదొక్కటే. నాకు కావలసింది వేరే ఉందని నేను చెప్పలేదు.

ఒక్క షరతు పెట్టింది. "ఊ అనేవోడు లేకపోతే నేను సెప్పను బాబూ. మా మరిది కూడా వస్తాడు."

దానికేముందమ్మా, మంగతాయితో కలిపి ముగ్గురికీ టిక్కెట్లు తీస్తానన్నాను.

*

విశాఖలో షాహీన్ గది చుట్టూ మెత్తటి గోడలు, ఒక పక్కన అవతలి గది కనపడేలా పెద్ద గాజు అద్దం. బయటి చప్పుడు చీమంత కూడా లోపలికి రాదు. చుక్కమ్మ కింద కూర్చుంటానంటే చాప వేయించాం. వెదురు బద్దలు ఊరి నుంచే తెచ్చుకుంది. నెత్తిన తట్ట పెడితే, ఇది ఎవరు అల్లారో గాని అంచు సరిగా మడవలేదు అంది. షాహీన్‌కి అది పెద్ద మెచ్చుకోలుగా తోచింది.

మొదటి మెట్టు మొదలైంది. అప్పట్లో కొండలకి కాళ్ళుండేవి. పొద్దున్న వాగు పక్కన వేసుకున్న గుడిసె సాయంత్రానికి వాగు లేని చోట ఉండేది. ఒకచోట చల్లిన సామలు ఇంకోచోట పండేవి. ఎవరికీ ఊరు లేదు. అప్పుడు పెద్దమ్మ కొండ మీద కాలు పెట్టి దానికి కథ చెప్పడం మొదలెట్టింది. కొండ ఆగి ఊ అంది. ఊ అన్నంతసేపూ అది కాలు ఎత్తలేకపోయింది.

బుల్లబ్బిరెడ్డి ఊ అన్నప్పుడల్లా షాహీన్ కంప్యూటర్ తెర మీద, తట్ట చదువుతోందని చూపించే గీత ఒక్కసారిగా పడిపోతోంది. ఊ అంటాడు, గీత పోతుంది. చుక్కమ్మ మాట మొదలెడుతుంది, గీత లేస్తుంది. మళ్ళీ ఊ. అరగంటకి షాహీన్ తల పట్టుకుంది. మొదటి మెట్టులో చేతికొచ్చింది చిరిగిన పేలికలే అంది. ఆయన గొంతు అడ్డొస్తోంది సార్, ఊ లేకుండా చెప్పరా అని అడిగింది.

పోన్లే, మొదటి మెట్టు మంగతాయికి ముందే వచ్చు కదా అనుకున్నాను. మిగతా ఆరు మెట్లు శుభ్రంగా రావాలి. ఊ అంటే నాకు అలవాటుగా అనే చప్పుడు. రేడియో నాటకాల్లో దగ్గులు కత్తిరించినట్టు కత్తిరించెయ్యొచ్చు. నేను ఎమ్మే తెలుగు. ఊ అనేది కథలో భాగం కాదని నాకు తెలియదా?

బుల్లబ్బిరెడ్డిని అద్దం అవతల కూర్చోబెట్టి, లోపలికి వచ్చి చుక్కమ్మతో అబద్ధం చెప్పాను. ఆయన అక్కడి నుంచి అన్నీ వింటాడమ్మా, ఊ కూడా అంటాడు, మీకు వినపడదంతే, నోరు కదలడం చూసుకోండి అన్నాను. నిజానికి ఆయనకీ ఏమీ వినపడదు. చుక్కమ్మ అద్దంలోంచి చూసింది. అవతల ఆ పెద్దమనిషి టీ గ్లాసు కింద పెట్టి, వదిన పెదవులు ఎప్పుడు ఆగితే అప్పుడు ఊ అంటున్నాడు. చుక్కమ్మ కాసేపు తటపటాయించి, రెండో మెట్టు మొదలెట్టింది.

నాలుగు రోజులు అలా సాగింది. తెర మీద గీత ఒక్కసారి కూడా పడలేదు. ఇంత శుభ్రమైన రికార్డింగు నా సర్వీసులో చూడలేదు సార్ అని షాహీన్ మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. మూడో రోజు క్యాంటీన్‌లో చుక్కమ్మ ఇడ్లీ చేత్తో పట్టుకుని, ఇప్పుడు నేను ఏం చెప్పానే అని, ఆ గదిలోకే రాని మనవరాలిని అడిగింది. నాలుగో రోజు బద్దలు ముందేసుకుని, ఎన్ని వదిలి ఎన్ని పట్టాలో తెలియక వాటినే చూస్తూ కూర్చుంది. పట్నం గాలి పడలేదు, బడలిక అనుకున్నాం. అనుకోవడం ఎంత తేలికో.

*

ఆ వారంలోనే రికార్డు చేసినదంతా మంగతాయిలో నాటారు. రిహార్సల్సు మొదలయ్యాయి. ఆ పిల్ల నోరు విప్పితే ముప్పై ఏళ్ళ నా నాటకాలు సిగ్గుపడ్డాయి. మాట ఆ పిల్లదే గాని, మాట వెనక అడుగు డెబ్బై నాలుగేళ్ళది. ఏ దుంప తింటే చస్తారో చెప్పేటప్పుడు నాలిక కొస మీద చేదు తగిలినట్టు మొహం పెట్టేది. మిగతా పిల్లలు వేషాలు మర్చిపోయి నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. ఈసారి ప్రశంసాపత్రం కాదురా భద్రం అని నాకు నేనే చెప్పుకున్నాను.

అయిదో మెట్టు దగ్గర ఒకరోజు మంగతాయి ఆగిపోయింది. కథలో అది, ఆగిన కొండ మీద పెద్దమ్మ తన కొడుకుకి నడక నేర్పే చోటు. కదలని నేల మీద నడిచిన మొదటి పిల్లవాడు వాడే. మంగతాయి గాలిలోకి రెండు చేతులూ చాచి అలాగే నిలబడిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

ఏమైందమ్మా అని దగ్గరికి వెళ్ళాను. చెవిలో చెప్పింది. "మా నాన్న మాస్టారూ. నాయనమ్మ ఈ చోటు చెప్పినప్పుడల్లా మనసులో మా నాన్ననే చూసుకునేది, ఇప్పుడు నాకు కనపడుతున్నాడు. గడప తగిలి కనుబొమ మీద చీరుకుంది. ఏడవకుండా నవ్వుతున్నాడు."

తండ్రి పోసిరెడ్డి వాగు దాటుతూ పోయేనాటికి ఆ పిల్లకి మూడేళ్ళు. ఇంట్లో ఉన్న ఫోటో రేషన్ కార్డు మీదది ఒక్కటే, అందులో మనిషిని ఆయనే గుర్తుపట్టలేడు. పదమూడేళ్ళు మొహం తెలియని తండ్రిని పిల్ల ఇప్పుడు చూసింది. నాకూ కళ్ళు చెమర్చాయి. యంత్రం ఎంత గొప్పది అనుకున్నాను. ఆ మొహం ఎక్కడి నుంచి వచ్చిందో, అక్కడ ఏం మిగిలిందో నాకు తట్టలేదు.

తట్టకపోవడానికి సాకు కూడా లేదు. పది రోజులకి బుల్లబ్బిరెడ్డి కొండ దిగి కాలేజీకి వచ్చాడు. వానలు పడ్డాయట. వదిన బుట్ట అల్లడానికి కూర్చుందట. మొదటి మెట్టు చక్కగా చెప్పిందట. ఆ తరవాత చేతులు ఆగిపోయాయి, నోరు ఆగిపోయింది. ఈయన ఊ అన్నాడు. మళ్ళీ ఊ అన్నాడు. ఆవిడ మరిది మొహంలోకి చూస్తూ ఉండిపోయిందట.

"కొడుకు ఉండేవాడని తెలుసు మాస్టారూ. మొహం రావట్లేదంట. ఎలా ఉండేవోడురా అబ్బీ అని నన్ను అడుగుతుంది" అన్నాడు.

వయసండీ బుల్లబ్బిరెడ్డి గారూ, డెబ్బై నాలుగంటే మాటలా, మా అమ్మకీ చివర్లో అంతే అన్నాను. డాక్టరుకి చూపిద్దాం, పోటీ అవ్వగానే నేనే తీసుకెళ్తానన్నాను. మంగతాయికి ఇప్పుడే చెప్పకండి, పిల్ల మనసు చెదురుతుందని కూడా అన్నాను. ఆయన తల ఊపి, వచ్చిన దారినే కొండెక్కాడు. ఆ రోజే షాహీన్‌కి ఒక ముక్క చెవిన వేసి ఊరుకున్నాను. అదే నేను చేసిన ఒకే ఒక్క మంచి పని, అదీ ఒళ్ళు దాచుకునే చేశాను.

*

పోటీ రాజమండ్రిలో. మా నాటకం మధ్యాహ్నం మూడింటికి. ఉదయం పదింటికి పిల్లలు ఉప్మా తింటుంటే షాహీన్ ఫోన్ చేసింది. గొంతు మనిషిది కాదు.

నేను చెవిన వేసిన ముక్క ఆమెను నిద్రపోనివ్వలేదట. పాత రికార్డింగులన్నీ మళ్ళీ తిరగేసింది. విప్పిన జ్ఞాపకాన్ని మెదడు ఎప్పుడు సర్దిపెడుతుందో ఆమెకి ఇప్పుడు తెలిసింది. అమలాపురం నాటకం చెప్పినప్పుడు నా గీత పడినచోటల్లా మంగతాయి నవ్వు ఉంది. చుక్కమ్మ మొదటి మెట్టులో పడినచోటల్లా బుల్లబ్బిరెడ్డి ఊ ఉంది. అందుకే నాకు నా మీసం మిగిలింది, ఆవిడకి మొదటి మెట్టు మిగిలింది.

"మామూలుగా చెప్పుకుంటే ఫరవాలేదు సార్, దానంతట అదే మెల్లగా సర్దుకుంటుంది. తట్ట ఉన్నప్పుడు సర్దుకోనివ్వదు, విప్పే ఉంచుతుంది. విన్నానని ఎదుటి మనిషి ఒక్క చప్పుడు చేస్తేనే మూసుకుంటుంది. మనం ఆ చప్పుడే తీసేశాం. నాలుగు రోజులు. ఏదీ వెనక్కి వెళ్ళలేదు."

కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. రికార్డింగు ఉంది కదా, ఆవిడకే తిరిగి నాటలేమా అన్నాను. ముసలి మెదడు పుచ్చుకోదంది. రిహార్సల్సులో తట్ట లేదు కాబట్టి మంగతాయి ఇప్పటిదాకా పుచ్చుకుంది తప్ప ఇవ్వలేదని, ఇవాళ వేదిక మీద మొదటిసారి ఇస్తుందని, ఆ హాల్లో ఎవరూ ఊ అనరని కూడా చెప్పింది. పోతే మళ్ళీ నాటుదామన్నాను. ఒకసారి నాటిందాన్ని మెదడు రెండోసారి రానివ్వదంది. పోనీ ఊ అనమని న్యాయనిర్ణేతలకి చెబితేనో అన్నాను. ఊ అంటే వాళ్ళ తట్టలకి పేలికలు తప్ప ఏమీ అందదు సార్, మనం ఆయన్ని బయటికి పంపింది అందుకే కదా అంది. ఫోన్ పెట్టేసే ముందు, మీకు చెప్పాను, ఇక మీరు చెప్పండి అని ఏడ్చింది.

ఇప్పుడు చెప్పబోయేది నాకు అన్నిటికంటే కష్టంగా ఉంది. నేను వెంటనే చెప్పలేదు. పదింటి నుంచి పన్నెండింటి దాకా చెప్పలేదు. దుస్తులు సర్దాను, లైట్లు చూశాను, మేకప్ మనిషి మీద కేకలేశాను. ఒక్క ప్రదర్శనకే అంతా పోతుందా, కొంత మిగలదా అని లెక్కలు వేసుకున్నాను. పన్నెండోసారి కూడా ఉత్త చేతులతో వెళ్ళిపోవడం నావల్ల కాదనుకున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకి మంచీ చెడూ చెప్పిన మాస్టారు ఆ రెండు గంటలూ ఏమైపోయాడో నాకు తెలియదు.

పన్నెండింటికి మంగతాయి తట్ట ఒళ్ళో పెట్టుకుని, గ్రీన్‌రూమ్‌లో కింద కూర్చుని, అయిదో మెట్టు తనలో తాను చెప్పుకుంటోంది. నడక నేర్పేచోట చెయ్యి చాచి నవ్వింది. తండ్రిని చూస్తోందని నాకు అర్థమైంది. ఇంక నావల్ల కాలేదు. ఎదురుగా కూర్చుని అంతా చెప్పేశాను. అద్దం సంగతి, అబద్ధం సంగతి, బుల్లబ్బిరెడ్డి వచ్చి వెళ్ళిన సంగతి, ఈ రెండు గంటల సంగతి కూడా.

పిల్ల అరవలేదు. అరిచినా బాగుండేది. తట్ట అంచు చుట్టూ వేలితో తడిమింది. చివరికి అడిగింది. "అయితే మా నాన్న మొహం ఇప్పుడు నా ఒక్కదాని దగ్గరే ఉందా మాస్టారూ?"

అవునన్నాను.

లేచి తట్ట తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఆడకపోతే మీకు బాధగా ఉంటుందా అని అడిగింది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. లేదమ్మా అన్నాను. అదీ పూర్తిగా నిజం కాదు. నిర్వాహకుల దగ్గరికి వెళ్ళి మా నాటకం లేదని రాసిచ్చాను. కారణం అన్నచోట అనివార్యం అని రాశాను. పిల్లలని ఇంకో మాస్టారికి అప్పగించి, మంగతాయి వెనక బస్సెక్కాను. ఆ పిల్ల రమ్మని అనలేదు, వద్దనీ అనలేదు.

*

మర్నాడు మధ్యాహ్నానికి ఇప్పలగొంది చేరాం. సన్నటి వాన. చుక్కమ్మ తడికె పక్కన, సగం అల్లిన బుట్ట ముందు కూర్చుని ఉంది. అడుగు మాత్రమే అల్లి ఉంది. మనవరాలిని చూసి మొహం విప్పారింది. మనుషుల్ని మర్చిపోలేదు. నన్ను చూసి, రా బాబూ, తడిసిపోయావు అంది. ఆ ఆదరణకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చేసిందంతా చెప్పి కాళ్ళ మీద పడ్డాను. ఆవిడకి ఎంత అర్థమైందో గాని లేవదీసింది. కథ పిల్లకి చేరిందా లేదా అని అడిగింది. చేరిందమ్మా అన్నాను. అయితే మంచిదే కదా అంది.

మంగతాయి బద్దలు ముందేసుకుని నాయనమ్మకి ఎదురుగా కూర్చుంది. ఇంతకుముందు చుక్కమ్మ కూర్చునే చోట ఇప్పుడు మనవరాలు, మరిది కూర్చునే చోట చుక్కమ్మ. బుల్లబ్బిరెడ్డి గోడకి జారగిలబడ్డాడు. నేను గడప మీద కాలు పెట్టబోతే మంగతాయి తల ఎత్తింది.

"మాస్టారూ, మీరు బయట కూర్చోండి" అంది.

కోపంగా అనలేదు. చూరు కింద అరుగు చూపించింది. బుల్లబ్బిరెడ్డి లేచి, పొయ్యి మీది టీ గ్లాసులో పోసి తెచ్చి, నా చేతికి ఇచ్చి లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు. వానలో వచ్చినవాడికి టీ ఇచ్చాడు, అంతే అయ్యుండొచ్చు.

తడికె సందుల్లోంచి కనపడుతోంది, మాట వినపడుతోంది. మొదటి మెట్టుకి చుక్కమ్మ గడగడా ఊ కొట్టింది, అది తనకి తెలిసిన కథ. రెండో మెట్టు నుంచి మెల్లగా, కొత్త పిల్లలు కొట్టినట్టు కొట్టింది. ఒక్కోచోట మర్చిపోయేది. అప్పుడు మరిది చేత్తో తట్టేవాడు. నేను కూడా బయట కూర్చుని ప్రతి మాటకీ ఊ అన్నాను. వాన చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు.

అయిదో మెట్టు వచ్చింది. కొండ ఆగింది. పెద్దమ్మ కొడుకుని కిందికి దింపింది. పిల్లవాడు ఒక అడుగు వేశాడు, రెండో అడుగు వేశాడు, గడప తగిలి పడ్డాడు. కనుబొమ మీద చీరుకుంది. వాడు ఏడవలేదు, నవ్వాడు. కుడి బుగ్గ మీద సొట్ట పడింది. మంగతాయి ప్రతి ముక్కా చెప్పింది.

ఊ రాలేదు. బుల్లబ్బిరెడ్డి తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆ పిల్లోడు ఎవరే?" అంది చుక్కమ్మ. "ముద్దుగా ఉన్నాడు."

"నీ కొడుకే నాయనమ్మా. మా నాన్న."

మంగతాయి చేతిలో బద్ద అలాగే ఉంది. చుక్కమ్మ మనవరాలి మొహాన్ని, కనుబొమ దగ్గర, బుగ్గ దగ్గర వెతికినట్టు చూసింది. ముప్పై ఏళ్ళు పిల్లల చేత మాటలు పలికించినవాణ్ణి, ఏ మాట గుండెలోంచి వచ్చిందో, ఏది ఎదుటివాళ్ళ కోసం అన్నదో చటుక్కున పట్టేస్తానని గొప్పలు పోయినవాణ్ణి. ఆవిడ ఆ తరవాత అన్నది గుర్తొచ్చి అందో, పిల్ల మనసు కష్టపెట్టడం ఇష్టం లేక అందో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఊ" అంది.

మంగతాయి కళ్ళు తుడుచుకుని, బద్ద తిప్పి, తరవాతి మాట చెప్పింది.